గోవిందప్ప తేమ చూసే పన్ను

గోవిందప్ప మామ పన్ను విరిగిన చప్పుడు నేను నలభై అడుగుల దూరం నుంచి విన్నాను. నేను చెప్పే మాటల్లో సగం తీసేసి మిగతా సగం నమ్మడం మా వైపు జనానికి అలవాటు. ఇంటర్ మొదటి ఏడాదిలో నేను మానేస్తే కాలేజీ వాళ్లు మూడు రోజులు అన్నం ముట్టలేదని చెప్పినప్పుడు కూడా అలాగే చేశారు. ఈ చప్పుడులో మాత్రం తీసేయడానికి ఏమీ లేదు. ఎండిన తుమ్మకొమ్మ మీద కాలు వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. బస్తాలు కుట్టే దబ్బనం నా చేతిలో ఆగిపోయింది. కాటా దగ్గర హమాలీలు తలలు తిప్పారు. మామ అరచేతిలోకి వేరుశనగ గింజతో పాటు ఇంకేదో ఉమ్మి, దాన్ని ఎండకు ఎత్తి చూశాడు.

"ఒరే, ఇది గింజ కాదురా," అన్నాడు.

అది పన్ను. సగం పన్ను.

మామ మొహంలో నొప్పి లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. సగం పన్ను చేతిలో పెట్టుకున్న మనిషి అమ్మా అనాలి, అబ్బా అనాలి. ఈయన ఎవరిదో పన్ను తనకు దొరికినట్టు చూస్తున్నాడు.

ఇది రెండువేల మూడు కార్తీక మాసం మాట. రాప్తాడు దగ్గర హైవే పక్కనున్న నూనె మిల్లులో గోవిందప్ప మామది తేమ చూసే పని. రైతు వేరుశనగ తెస్తాడు. మామ బస్తాలోంచి ఒక కాయ తీసి, వేళ్లతో చిదిపి, గింజను కుడివైపు కింది దవడ పన్ను మీద పెట్టి కొరికి, ఉమ్మేసి, ఒక అంకె చెబుతాడు. ఎనిమిది అంటే బాగా ఎండిన కాయ, తిన్నగా కాటాకు పోతుంది. పది అంటే బస్తాకు ఇంత తరుగు తీస్తారు. దాని పైన ఏ అంకె వచ్చినా దింపుకుని, ఎండబెట్టుకుని రావాల్సిందే. ఎండిన గింజ పంటి కింద ఒక్కసారిగా తెగుతుందట, తేమ ఉన్నది ముందు కొద్దిగా వంగి ఆ తర్వాత తెగుతుందట. ఆ వంగడం ఎంతో చెప్పేదే మామ పన్ను.

ఆయన పుట్టుకతో ఆ పనివాడు కాదు. పందొమ్మిదో ఏట హమాలీగా చేరి పన్నెండేళ్లు బస్తాలు మోశాడు. అప్పట్లో తేమ చూసే యేసన్నకు పళ్లన్నీ ఊడిపోతే, ఆయనే హమాలీలందరినీ వరసగా నిలబెట్టి తలా ఒక గింజ నోట్లో పెట్టాడు. తొమ్మిది మంది నమిలి మింగేశారు. మామ ఒక్కడే ఉమ్మి, "నిన్న రాత్రి మంచు పడిన బస్తా ఇది," అన్నాడు. అంతే, మోసే పని పోయి కొరికే పని వచ్చింది. ఇరవై ఏళ్లలో ఆయన పన్ను ఎంత నేర్చిందంటే, గింజ కొరికి ఎర్రనేలదో నల్లనేలదో చెప్పేవాడు. ఒకసారి గింజ కొరికి ఆ రైతుకు రెండో పెళ్లి కుదిరిందని కూడా చెప్పాడని నేనంటాను. మామ మాత్రం ఒప్పుకోడు.

రోజుకు రెండు వందల గింజలు కొరికేవాడు. ఒక్కటీ మింగేవాడు కాదు. శనివారం కసాపురం ఆంజనేయుడికి ఒక్కపొద్దు ఉండేవాడు, ఆ రోజు కూడా కొరకడం మానేవాడు కాదు. ఆయన భార్య తిరుపాలమ్మత్త అడిగేది.

"ఇదేం ఒక్కపొద్దప్పా? పొద్దన్నుంచి నోరాడతానే ఉండాదే?"

"కొరికేది వేరుమే, తినేది వేరు. గొంతు దిగితేనే తిండి."

దేవుడి దగ్గర ఇరవై ఏళ్లు చెల్లిన ఈ లెక్కే డాక్టరు దగ్గర చెల్లలేదు.

ఆ ఏడు శ్రావణంలో మామకు కుడి దవడ వాచింది. లవంగం పెట్టారు, ఉప్పునీళ్లు పుక్కిలించారు, చివరికి అనంతపురం తీసుకుపోయాం. మేడ మీద చిన్న ఆస్పత్రి, డాక్టరు పద్మప్రియ అని ముప్పై ఏళ్లు కూడా లేని అమ్మాయి. తమలపాకు ముక్కంత ఎక్స్‌రే తీసి వెలుతురుకు పెట్టింది. పంటి మధ్యలో నల్లటి గుంత, గుహలాగ. ఇరవై ఏళ్లుగా గింజ పెట్టి కొరికిన చోటే గుంత పడింది. లోపల నరం కుళ్లిపోయింది, వేరు దాకా శుభ్రం చేసి నింపాలి అంది.

మూడుసార్లు పోయాం. వెంట్రుక లాంటి సూదులు పంటిలోకి దిగడం, మామ కుర్చీ చేతులు పట్టుకోవడం, ఆ తర్వాత పట్టు వదిలేసి నావైపు వింతగా చూడడం నాకింకా గుర్తు.

"అమ్మా, నొప్పి యాడికి పోయింది?"

"నరం తీసేశాను పెద్దాయనా. ఇంక ఆ పన్నుకు నొప్పి తెలియదు."

మామ తేలిగ్గా ఊపిరి పీలుస్తాడనుకున్నాను. ఆయన మొహం తెల్లబోయింది. అప్పుడు నాకు అర్థం కాలేదు. డాక్టరమ్మ మాత్రం చాలా స్పష్టంగా చెప్పింది. పైన పెట్టింది తాత్కాలికంగా ఉండే సిమెంటు. నరం తీసిన పన్ను గోడలు పలచగా ఉంటాయి. పది రోజుల్లో వస్తే క్యాప్ వేస్తాను, అందాకా ఆ పక్క ఏమీ తినొద్దు.

మామ తినలేదు. సంకటి ఎడమ పక్క, అన్నం ఎడమ పక్క, కిళ్లీ కూడా ఎడమ పక్క. నొప్పి లేదు కదా అని పది రోజులు నెల అయింది, నెల రెండు నెలలైంది, క్యాప్ సంగతి అటకెక్కింది. ఈలోగా చేలల్లో కాయ పీకడం మొదలైంది, మిల్లుకు మొదటి లారీ వచ్చింది. మామ తలగుడ్డ సవరించుకుని గింజను ఎప్పటి పన్ను మీదే పెట్టాడు. మెల్లగా కొరికాడు. ఏమీ తెలిసినట్టు అనిపించలేదట. నొప్పి తెలియని పన్నుకు తేమ ఎలా తెలుస్తుందన్న భయం రెండు నెలలుగా లోపల పెట్టుకుని ఉన్నాడు, అదే నిజమైందనుకుని ఈసారి ఉన్న బలమంతా పెట్టి కొరికాడు. మేం విన్నది ఆ చప్పుడు.

మధ్యాహ్నానికల్లా ఆయన్ని, తిరుపాలమ్మత్తను ఆటోలో ఎక్కించుకుని అనంతపురంలో ఉన్నాను. డాక్టరమ్మ నోట్లోకి చూసి నిటారుగా అయిపోయింది.

"ఆ పక్క తినొద్దన్నాను కదా పెద్దాయనా?"

"తినలేదమ్మా."

"మరి ఎలా విరిగింది?"

"కొరికినా."

"కొరకడం తినడం కాదా?"

"ఎట్లయితాదమ్మా? తింటే లోపలికి పోవల్ల గదా. నేను ఉమ్మేస్తా. ఒక్కపొద్దు నాడు గూడా కొరుకుతా. ఆంజనేయస్వామే యానాడూ తప్పు పట్టల్యా."

డాక్టరమ్మ నావైపు చూసింది. నేను గోడ మీద దంతాల బొమ్మను శ్రద్ధగా చదువుకున్నాను. కాలేజీలో కూడా ఏ బొమ్మనూ అంత శ్రద్ధగా చూడలేదు.

నాలుకవైపు గోడ పూర్తిగా పోయింది, ఒక మూల పంటి చిగురు కింది దాకా విరిగిపోయింది. మిగిలింది మూడు వైపులా మొండి గోడలు. తిరుపాలమ్మత్త ఒక్క ముక్కలో తేల్చేసింది. "పీకి పారెయ్ తల్లీ. ఇంగా ముప్పై ఉండాయి గదా నోట్లో."

"పీకడం పది నిమిషాలమ్మా. కానీ వేర్లు బాగున్నాయి, ఎముక గట్టిగా ఉంది. కష్టపడితే నిలబెట్టొచ్చు. మీరే చెప్పండి పెద్దాయనా."

మామ రెండు నెలలుగా దిగమింగుకున్న ప్రశ్న అప్పుడు ఉమ్మాడు.

"సచ్చిన పన్నుకు తేమ తెలుస్తాదామ్మా?"

"ఏం తేమ?"

ఆయన పనేమిటో నేను చెప్పాను. ఈ ఒక్కసారి ఏమీ కలపలేదు, ఉన్నది చెబితేనే ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. "రోజుకు రెండు వందలా? ఇరవై ఏళ్లా?" అంది. విరిగిన ముక్క తీసుకుని ఆమె కూడా ఎండకు పెట్టి చూసింది.

"వినండి పెద్దాయనా. పన్ను ఎముకలో మేకులాగ దిగేసి ఉండదు. వేరు చుట్టూ సన్నటి పొర ఉంటుంది, ఊయల తాళ్లలాగ అదే పన్నును పట్టుకుని ఉంటుంది. కొరికినప్పుడు పన్ను వెంట్రుకవాసి కదిలినా ఆ పొరకు తెలుస్తుంది. నేను తీసింది పన్ను లోపలి నరం. ఆ పొర జోలికి పోలేదు. పన్ను పీకేస్తే మాత్రం దాంతోపాటే అదీ పోతుంది."

"అంటే తెలుస్తాదా?"

"తెలియాలి."

"తెలియాల్లా, తెలుస్తాదా?"

"తేమ చూసే పన్నుకు నేనెప్పుడూ వైద్యం చేయలేదు పెద్దాయనా," అంది డాక్టరమ్మ.

మామకు ఆ మాట నచ్చింది. అబద్ధం చెప్పే మనిషైతే తెలుస్తుంది అనేసి ఉండేదట. నిలబెట్టు అన్నాడు.

ఆ తర్వాత జరిగింది తలచుకుంటే ఇప్పటికీ నా దవడ లాగుతుంది. ముందు చిగురును కొంచెం కోసి కిందికి దించింది, విరిగిన అంచు బయటపడేలా. క్యాప్ అంచు పట్టుకోవాల్సింది సిమెంటును కాదు, చుట్టూ సొంత పన్నునే అట. ఆ పట్టు లేకపోతే ఎంత బాగా కట్టినా కొరికిన రోజున వేరు నిలువునా చీలుతుందట. చిగురు మానడానికి నాలుగు వారాలు ఆగాం. తర్వాత లావుపాటి వేరులో తాను నింపిన మందునే కొంత తోడి, అందులోకి సన్నటి మేకు దించింది. మామ కుర్చీలోంచి సగం లేచాడు.

"మేకా! నా పంటిలోకి మేకా!"

"కదలకు మామా," అన్నాను, "గుర్రానికి లాడం కొడితే ఊరుకుంటాది, నీకేం?"

"ఒరే, నువ్వు గుర్రం పక్కన నిలబడుకో, ఎవురు గాడిదో తెలుస్తాది."

మేకు చుట్టూ కొత్త సిమెంటుతో పంటి ఒళ్లు కట్టింది. తర్వాత కష్టపడి కట్టినదాన్నే చుట్టూ అరగదీసింది. కట్టినవాళ్లే ఎందుకు కూలగొడుతున్నారో అని మామ బెంబేలెత్తాడు. క్యాప్ కూర్చోవడానికి చోటు కావాలట. గులాబీ రంగు పిండి నోట్లో పెట్టి అచ్చు తీసి బెంగుళూరుకు పంపింది. తెల్ల క్యాపా, స్టీలు క్యాపా అని అడిగితే, "నా పన్ను సింగారానికి గాదమ్మా, పనికి," అన్నాడు మామ. స్టీలుదే చెప్పారు.

ఇక్కడ ఇలా ఉంటే అక్కడ మిల్లులో దివాకర్ తేమ చూసే మిషన్ తెప్పించాడు. దివాకర్ మిల్లు యజమాని కొడుకు, చెడ్డవాడు కాదు. సీజన్లో లారీలు రోడ్డు దాకా నిలబడి ఉంటే ఏం చేస్తాడు? చిన్న పెట్టె. గింజలు పోసి మర తిప్పితే అంకె చూపిస్తుంది. అలవాటు కొద్దీ మామ రోజూ మిల్లుకు వచ్చి గేటు పక్కన ఖాళీ గోతం మీద కూర్చునేవాడు. ఒకరోజు నేను ఆగలేక అడిగాను.

"ఎడమ పక్క కొరకరాదా మామా?"

"అది నీ మాదిరిరా. ఇరవై ఏండ్లు బడికి పోయింది గాని ఏమీ నేర్చుకోల్యా."

దివాకర్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "గోవిందప్ప మామా, క్యాప్ పెట్టుకున్యాక నువ్వు కొరికి సరిగ్గా చెప్తే పని నీదే. చెప్పలేకపోతే గేటు కాడ కాపలా కూసో. నిన్ను ఊరికే పంపను."

మంచి మనసుతోనే అన్నాడు. మామ ఆ రోజు అన్నం తినలేదని తిరుపాలమ్మత్త నాతో చెప్పింది. రైతులు దూరం నుంచి పేరు పెట్టి పిలిచే మనిషి గేటు తీసి, గేటు మూసి బతకాలా?

క్యాప్ వచ్చింది. డాక్టరమ్మ దాన్ని కూర్చోబెట్టి, పళ్ల మధ్య నీలం కాగితం పెట్టి, కొరకండి అంది.

"వెనక మూల యెత్తుగా ఉండాది," అన్నాడు మామ.

ఆమె కొద్దిగా అరగదీసింది. "ఇప్పుడు?"

"ఇంగొంచెం. ఈ కాగితం మందం."

చూస్తే సరిగ్గా ఆ మూలే నీలం చుక్క. ఇంకొంచెం తీసి మళ్లీ పెడితే చుక్క లేదు. డాక్టరమ్మ ఆశ్చర్యంతో నోటి గుడ్డ కిందికి లాగేసింది. "చూశారా! తెలుస్తోంది మీకు!"

"నాకు తెలిసింది, సరే. కింది పన్ను చెప్పిందో, పై పన్ను చెప్పిందో ఎట్ల తెలుస్తాది?" అన్నాడు మామ.

ఆ అనుమానంతోనే వారం గడిచింది. మామ మిల్లుకు వస్తాడు, కూర్చుంటాడు, ఒక్క గింజ నోట్లో పెట్టడు. హమాలీలు అడిగితే రేపు అంటాడు. కొరకనంత వరకు పంటి తెలివి పోలేదనే కదా. తిరుపాలమ్మత్త క్యారియరు తెచ్చి గేటు దగ్గరే మామను దులిపేసింది.

"స్టీలు పన్ను పెట్టుకోని పెండ్లికొడుకు మాదిరి కూసున్యాడు సూడు! తాళి ఎవురికి కడతావప్పా? ఆ మిషన్‌కా?"

అయినా లేవలేదు.

ఎనిమిదో రోజు కనగానపల్లి వైపు నుంచి రామసుబ్బమ్మ ట్రాక్టరు వచ్చింది. భర్త పోయాక ఐదెకరాలు ఒంటిచేత్తో చేసే మనిషి. ఆ ఏడు వాన ఒక్కసారి కురిసి మొహం చాటేసింది, ఐదెకరాలకు పదకొండు బస్తాలు. దివాకర్ మిషన్‌లో గింజలు పోసి తిప్పాడు.

"పన్నెండమ్మా. దింపి ఎండబెట్టుకో."

"పన్నెండా? వాన మొగం సూడని కాయకు పన్నెండా? నీ పెట్టెకు కండ్లు పోయినాయా?"

"అది మిషన్ అక్కా, దానికి నువ్వూ నేనూ ఒకటే."

"అదే గదా నేనూ చెప్తాండేది! నేనెవురో తెలీనిది నా కాయ సంగతి ఎట్ల చెప్తాది?" అని ట్రాక్టరు తొట్టి మీద నుంచే గేటువైపు తిరిగింది. "గోవిందప్పన్నా! ఏమన్నా, ఆడ కూసోని తమాషా చూస్తాండావా? వచ్చి కొరుకు! నువ్వు చెప్తే వింటా, ఇంగెవురు చెప్పినా వినను."

యార్డంతా మామవైపు తిరిగింది. ఆయన లేచాడు. గేటు నుంచి ట్రాక్టరు దాకా ముప్పై అడుగులు, ఆ ముప్పై అడుగులూ సంత నుంచి తోలుకొచ్చిన కొత్త ఎద్దులాగ నడిచాడు. బస్తాలోకి చెయ్యి పెట్టి, పైది కాకుండా అడుగు నుంచి ఒక కాయ తీశాడు. చిదిపాడు. గింజ స్టీలు మీద తగిలి చిన్న చప్పుడైంది. కళ్లు మూసుకున్నాడు.

కొరికాడు.

కళ్లు తెరిచిన మామ మొహం నేనెప్పుడూ చూడలేదు. గుడ్లు పెద్దవయ్యాయి, నోరు సగంలో ఆగిపోయింది, చెయ్యి దవడ మీదికి పోయింది. మళ్లీ విరిగిందని నేను పరుగెత్తాను. దివాకర్ కూడా వచ్చాడు. మామ ఉమ్మి, మాకు చెయ్యి అడ్డం పెట్టి, "ఇంగోటి తీయ్," అన్నాడు. రెండోది కొరికాడు. మూడోది ఇంకో బస్తాలోంచి తెప్పించి కొరికాడు. ఉన్నపాటున ట్రాక్టరు చక్రానికి ఆనుకుని కూలబడ్డాడు.

"వంగిందిరా," అన్నాడు నాతో. "గింజ వంగింది. తెలిసింది నాకు. ముందు మాదిరే తెలిసింది!"

"ఎంతన్నా, ఎంత?" అంటోంది పైనుంచి రామసుబ్బమ్మ.

మామ తల ఎత్తాడు. కళ్లలో నీళ్లు, మొహం నిండా నవ్వు.

"పన్నెండమ్మా! పన్నెండు!"

రామసుబ్బమ్మ నిర్ఘాంతపోయింది. ఆమెకు నోట మాట రాకపోవడం కనగానపల్లిలో కూడా ఎవరూ చూసి ఉండరు. తేరుకున్నాక మాత్రం దండకం ఎత్తుకుంది. "నవ్వుతాండావా? నిన్ను నమ్మి పిలిస్తే పన్నెండని నవ్వుతాండావా? నీ పన్ను బతికినందుకు నా కాయను సంపుతావా? నీ నోట్లో మన్ను బడ!"

"పైన కాయకే మంచు పట్టింది అనుకున్యా తల్లీ. అడుగుది తీసినా అదే. పచ్చి మీదనే పీకి, కుప్ప ఆరకముందే సంచులకెత్తినావు."

రామసుబ్బమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "కూలోళ్లు మల్ల దొరకరని," అంది మెల్లగా, "తొందర పడినా." వెంటనే ట్రాక్టరు డ్రైవరు మీద అరిచింది. "ఏమప్పా, చూస్తాండావా? దింపు! పట్ట యాడుందో తీసుకురా!"

దివాకర్ చేతిలో మిషన్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అతని మొహంలో కోపం కూడా లేదు, ఏం జరిగిందో అర్థం కాని మనిషి మొహం అది.

"నేనూ పన్నెండే గదక్కా చెప్పింది?"

"నువ్వు యాడ చెప్పినావు? పెట్టె చెప్పింది. తప్పు చెప్తే పెట్టెనేమని తిట్టల్ల నాయనా? ఈయప్పనైతే వచ్చే పంట దాకా తిడతా."

పదకొండు బస్తాలూ యార్డులో పట్ట మీద కుమ్మరించారు. మామ చెప్పులు విడిచి కాయల్లోకి దిగి కాలితో పలచగా నెరపడం మొదలుపెట్టాడు. అది ఆయన పని కాదు, ఎవరూ చెప్పలేదు కూడా. రామసుబ్బమ్మ పట్ట అంచున కూర్చుని ఆయన్ని, ఆయన పన్నును, ఆ పన్నుకు మేకు కొట్టిన డాక్టరమ్మను, అందరినీ కలిపి తిడుతూనే ఉంది. మామ ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. మధ్యమధ్య వంగి ఒక కాయ తీసి, చిదిపి, కొరికి, ఉమ్మి, "పదకొండున్నరకొచ్చింది తల్లీ, ఇంగా తిట్టు," అంటున్నాడు.